చుట్టం మీట

మా బాబాయి దుకాణంలో తయారయ్యే వస్తువులన్నీ పనిచేస్తాయి. కాకపోతే ఒక్క పూట. ఆ పూట ఏదో కొనేవాళ్ళు ముందే చెబుతారు. ఫలానా రోజు పదకొండు గంటలకు ఎగ్జామినర్ వస్తాడు, ఫలానా గదిలో ఫలానా బల్ల మీద పెడతారు, పక్కన కిటికీ ఉంటుందా, ఫ్యాను తిరుగుతుందా, అన్నీ కనుక్కుని ఆయన దానికి తగ్గట్టు చేసి ఇస్తాడు. మర్నాడు అది పనిచేయలేదని ఫిర్యాదు పట్టుకొచ్చిన విద్యార్థి ఇంతవరకూ ఒక్కడూ లేడు. మర్నాటికి దాన్ని ముట్టుకునే విద్యార్థి ఉంటే కదా.

ఇంజనీరింగ్ కాలేజీ వెనక సందులో, ఫోటోకాపీ దుకాణాన్ని ఆనుకుని ఉన్న ఒంటి గది ఆయనది. బోర్డు మీద ‘ఎలక్ట్రానిక్స్ రిపేర్లు’ అని ఉంటుంది గాని, రేడియో రిపేరుకు తెచ్చినవాణ్ణి నేను ఆ గదిలో ఎన్నడూ చూడలేదు. వచ్చేదంతా చివరి సంవత్సరం పిల్లలు. నాలుగేళ్ళు హాయిగా తిరిగి, ఆఖరి నెలలో ఉలిక్కిపడి లేచి, “బాబాయ్, ఏదో ఒకటి చేసి పెట్టు” అంటూ గుమ్మంలో నిలబడేవాళ్ళు. నాకు ఆయన సొంత బాబాయి, మా నాన్న తమ్ముడు. వాళ్ళకు ఊరికే బాబాయి.

గోడకున్న మూడు అరల నిండా పాత ప్రాజెక్టులు. చీకటి పడితే వెలిగే వీధి దీపం, మట్టి ఆరితే తనే నీళ్ళు పోసుకునే పూలకుండీ, మనిషి వస్తే తెరుచుకునే తలుపు. ఒక ఏడాది పచ్చరంగు వేసుకుని వెళ్ళింది మరుసటి ఏడాది నీలంరంగు వేసుకుని ఇంకో జట్టుతో వెళ్ళేది. ఆ వీధి దీపం ఇప్పటికి ఎనిమిది సార్లు ఇంజనీరింగ్ పాసయిందని మా పిన్ని వేళాకోళం చేసేది.

అసలు కిటుకు బోర్డు అడుగున ఉండేది. వేలికి అందే చోట, పెసరగింజంత మీట ఒకటి. ఎగ్జామినర్ ఎదురుగా సెన్సరు మొరాయిస్తుందన్న భయం లేకుండా, ఎవరూ చూడకుండా దాన్ని నొక్కితే చాలు, దీపం వెలుగుతుంది, తలుపు తెరుచుకుంటుంది. ఆపదలో ఆదుకునేది చుట్టమే కదా అని ఆయన దానికి ‘చుట్టం’ అని పేరు పెట్టాడు. “చుట్టాన్ని కూడా పంపుతావా బాబాయ్?” అని పిల్లలు గొంతు తగ్గించి అడిగేవారు. చుట్టాన్ని పెట్టినప్పుడు సెన్సరు తీగ తెంపెయ్యడం ఆయన పద్ధతి. రెండూ ఉంటే చిక్కు. ఇది నొక్కకముందే ఎవరి సెంటు వాసనకో, ఎవరి నీడకో అది కదిలిందంటే గుట్టు బయటపడుతుంది. అందుకని తీగ తెంపి, వెనక్కి మడిచి, నల్ల టేపు రెండు చుట్లు చుట్టేవాడు. సెన్సరు మాత్రం తన చోట తను దర్జాగా కూర్చునేది. అలంకారానికి.

నేను నవ్వుతూ రాస్తున్నానని అనుకోకండి. సిగ్గేసినప్పుడు నాకు వెటకారం వస్తుంది. అది నా జబ్బు. ఇది రాయడానికి నాకు చాలా సిగ్గుగా ఉంది.

బాబాయి మొదటినుంచీ ఇలాంటివాడు కాదు. పాలిటెక్నిక్ చివరి సంవత్సరంలో ఆయన సొంతంగా ఒకటి చేశాడు. వాన చినుకు పడగానే ఆరేసిన బట్టలను వసారాలోకి లాగేసే తాడు. నిజంగానే లాగేదట. మా నానమ్మ చీరల్ని అది ఎన్నిసార్లు లోపలికి లాక్కొచ్చిందో మా నాన్న కళ్ళారా చూశాడు. పరీక్ష నాడు ఎగ్జామినర్ దాని మీద నీళ్ళు చిలకరించాడు. తాడు కదల్లేదు. గ్లాసుడు నీళ్ళు గుమ్మరించాడు. కదల్లేదు. “ఇంట్లో పనిచేసింది సార్” అన్నాడు బాబాయి. “అయితే ఇంట్లోనే ఉంచు దాన్ని. దానికి తోడుగా నువ్వూ ఉండు” అన్నాడట ఆ మహానుభావుడు. గదిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. సాయంత్రం విప్పి చూస్తే లోపల ఒక్క అతుకు ఊడి ఉంది. మోసుకెళ్ళే దారిలో కుదుపుకి ఊడిపోయింది. ఒక్క నిమిషం ఇస్తే అతికించేసేవాడు. ఆ నిమిషం ఎవరూ ఇవ్వలేదు, ఈయనా అడగలేదు. తర్వాత ఆ కాలేజీ గడప తొక్కలేదు. పని నేర్చిన చేతులు కాబట్టి ఊరుకోలేక దుకాణం పెట్టాడు.

“పనిచేసే వస్తువు వేరు, వాళ్ళు చూసేటప్పుడు పనిచేసే వస్తువు వేరు. మార్కులు రెండోదానికే” అనేవాడు. ఇరవై ఏళ్ళు ఆ మాట మీదే బతికాడు.

ఇందులో నా వాటా కూడా చెప్పాలి. నా చివరి సంవత్సరం ప్రాజెక్టు, పొగ వస్తే తనంతట తనే తెరుచుకునే కిటికీ. బాబాయి చేశాడు. అన్నకూతుర్ని కాబట్టి నాకు ప్రత్యేకమైన చుట్టాన్ని పంపాడు. వేలితో పనిలేదు, బల్ల కింద మోకాలికి తగిలేలా పెట్టాడు. నేను అగరుబత్తి వెలిగించి, సెన్సరు ఎలా పసిగడుతుందో గడగడా చెబుతూ మోకాలు పైకెత్తాను. కిటికీ తెరుచుకుంది. కాలేజీ మొత్తానికి నాకే ఎక్కువ మార్కులు. ఉద్యోగం ఇంటర్వ్యూలో ఆ కిటికీ గురించి అడిగితే పావుగంట చెప్పాను. ఉద్యోగం వచ్చింది. ఏం ఉద్యోగమో వింటే మీరే నవ్వుతారు. లిఫ్టులు తనిఖీ చెయ్యడం. తాడు తెగితే లిఫ్టును పట్టి ఆపే బ్రేకు ఒకటుంటుంది. అది పట్టుకుంటుందో లేదో నిజంగా జారవిడిచి చూసి, అప్పుడు సంతకం పెట్టాలి. ఎవరి మాటా నమ్మకపోవడమే నా పని. నేను మోకాలితో పాసయ్యానని మాత్రం ఏ కాగితం మీదా రాయలేదు.

ఇక పిచ్చుక సంగతి. పిచ్చుక అంటే బాబాయి కూతురు, నాకు చెల్లెలు. ఒక్క క్షణం నోరు మూతపడదు కాబట్టి ఇంట్లో అందరం అలాగే పిలుస్తాం. తొమ్మిదో తరగతి. బడిలో సైన్సు ప్రదర్శన ఉందని తెలియగానే అది పెట్టిన మొదటి షరతు, నాన్న చెయ్యి పెట్టకూడదని. పుట్టినప్పటినుంచీ ఆ దుకాణం చూస్తోంది. చుట్టం సంగతి దానికి తెలుసో తెలియదో మాకెవరికీ తెలియదు, మేమెవరం అడగలేదు. గ్యాసు లీకైతే మోగే అలారం చేస్తానంది. బాబాయి దగ్గర విడిభాగాలు మాత్రం అడిగి తీసుకుంది. మూడు నెలలు భోజనాల బల్ల మీద సగం దానిదే. వేళ్ళు కాల్చుకుంది, రెండు సెన్సర్లు మాడ్చింది, ఒకసారి ఏడ్చింది కూడా. బాబాయి వెనకనించి తొంగిచూసి “ఇలా తే, ఒక్క నిమిషం” అంటే, “నాన్నా, చెయ్యి పెట్టకు” అనేది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. ఊరందరి పిల్లలకూ చేసిపెట్టే మనిషికి సొంత కూతురి దగ్గర పని దొరకలేదని పిన్ని నవ్వేది.

ప్రదర్శన రెండు రోజులుందనగా అది మోగింది. బాబాయి దుకాణంలో ఉన్నాడు. సాయంత్రం ఇంటికి రాగానే పిన్ని చెప్పింది, సిగరెట్టు లైటరు వెలిగించకుండా గ్యాసు మాత్రం వదిలి దగ్గర పెడితే మోగిందని, తను చెవులారా విన్నానని. పిచ్చుక అప్పటికే బోర్డు మీద ముచ్చటగా పేరు రాసుకుంటోంది. బాబాయి అన్నం తింటూ “ఇంట్లో మోగిందా” అన్నాడట.

మర్నాడు పిల్లలు చార్టులు అంటించడానికి బడికి వెళ్ళారు. పిన్ని పనిమీద బయటికి వెళ్ళింది. మధ్యాహ్నం ఎండలో దుకాణం మూసి ఇంటికొచ్చాడు బాబాయి. అలారం బల్ల మీద ఉంది. దాన్ని విప్పాడు. సెన్సరు తీగ తెంపాడు. వెనక్కి మడిచి నల్ల టేపు చుట్టాడు. వెనకవైపు అంచున, పిచ్చుకకు కనపడని చోట, చుట్టాన్ని కూర్చోబెట్టాడు. పావుగంట కూడా పట్టలేదు.

ప్రదర్శన నాడు తల్లిదండ్రులు బల్లల వెనక నిలబడొచ్చన్నారు. పిచ్చుక లైటరు దగ్గర పెట్టింది. వెనక నిలబడ్డ బాబాయి వేలు పెట్టాడు. మోగింది. నలుగురు పరీక్షకులు నాలుగు సార్లు అడిగారు, నాలుగు సార్లూ మోగింది. మొదటి బహుమతి పిచ్చుకదే. అది ఎగిరి వాళ్ళ నాన్న మెడ పట్టుకుని వేలాడింది. “నాన్నా, నువ్వు చెయ్యి పెట్టలేదు చూశావా” అందట.

అక్కడితో అయిపోతే ఇదీ ఆ మూడు అరల్లో ఒకటయ్యేది. కాని బహుమతి ఇచ్చిన హెడ్మిస్ట్రెస్ వేదిక మీదే ప్రకటించేసింది, ఈ అలారాన్ని మన బడి వంటగదిలోనే బిగిస్తున్నామని. బాబాయి తేరుకునే లోపల ఎలక్ట్రీషియన్ వచ్చి గోడకి మేకులు కొట్టేశాడు. బహుమతి వచ్చిన వస్తువును మళ్ళీ పరీక్షించాలని ఎవరికి తోస్తుంది?

ఇది జరిగిన మూడు వారాలకు నేను ఆ బడికి వెళ్ళాను. ఏ చదువు చదివితే ఏ ఉద్యోగం చెయ్యొచ్చో పిల్లలకు చెప్పడానికి నెలకొకరిని పిలుస్తారు. ఆ నెల నన్ను పిలిచారు, పిచ్చుక సిఫార్సు మీద. హాల్లో రెండు తరగతుల పిల్లలు కూర్చున్నారు. లిఫ్టులో ఇరుక్కుంటే మీరే వస్తారా అని ఒకడు అడిగాడు. లెక్కలు రాకపోయినా ఇంజనీర్ అవొచ్చా అని ఒక పిల్ల అడిగింది. చివర్లో పిచ్చుక లేచింది. జవాబు తెలిసే అడుగుతోందని ముఖం చూస్తే తెలుస్తోంది.

“అక్కా, నువ్వు సొంతంగా చేసిన మొదటి ప్రాజెక్టు గురించి చెప్పు.”

నేను కిటికీ గురించి చెప్పాను. అదే పావుగంట, అవే మాటలు. సెన్సరు పొగను ఎలా పసిగడుతుందో చేతులు తిప్పుతూ చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. పిచ్చుక అందరికంటే గట్టిగా కొట్టింది. ఆ చప్పట్లు తీసుకుని నేను కూర్చున్నాను. ఆ పూట నా ముఖం నేను చూసుకోలేదు గాని, చూసుకుంటే సిగ్గు కనపడి ఉండేది కాదు. అలవాటైపోయింది.

తర్వాత సైన్సు టీచరు నన్ను వంటగదికి తీసుకెళ్ళింది, మీ చెల్లెలు చేసింది చూద్దురుగాని రండి అంటూ. పెద్ద గది, మూడు పొయ్యిలు, గోడ పక్కన నిలువెత్తు గ్యాసు సిలిండర్లు. వంటమ్మ గంటె పట్టుకునే పలకరించింది. పక్కగదిలో పిల్లలు పళ్ళాలు కడుగుతున్న చప్పుడు. అలారం పొయ్యి పక్క గోడమీద ఉంది, చిన్న పచ్చదీపం వెలుగుతోంది. ఇది వచ్చినప్పటినుంచీ గుండె నిబ్బరంగా ఉందమ్మా అంది వంటమ్మ. జలుబు చేసి ముక్కు పట్టేసి వారమైందట, గ్యాసు వాసన కాదు కదా పోపు మాడినా తెలియడం లేదట. ఇదివరకైతే భయపడేదాన్ని, ఇప్పుడు ఇదుందిగా అంది.

నేను దగ్గరికి వెళ్ళింది మెచ్చుకోవడానికే. అతుకులు చూశాను. చిన్నపిల్ల అతుకులు, కొంచెం లావు, కాని గట్టివి. వాటి మధ్యలో ఒకచోట నల్ల టేపు కనపడింది. వెనక్కి మడిచి, రెండు చుట్లు. ఆ చుట్టు నాకు తెలుసు. నా కిటికీలోనూ అదే చుట్టు. చెయ్యి తనంతట తనే బోర్డు వెనక అంచుకు వెళ్ళింది. పెసరగింజంత మీట తగిలింది. నొక్కాను.

అలారం గదంతా మోగింది. వంటమ్మ మురిసిపోయింది. మూడు వారాల్లో ఇది మొదటిసారి మోగడమట, ఇన్నాళ్ళూ మోగలేదంటే అంతా సవ్యంగా ఉందనేగా అంది. టీచరు, ఏమైంది మేడం అంది నవ్వుతూ. నేను, ఏం లేదు, చెయ్యి తగిలిందన్నాను.

అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిస్తే చాలు. కాని చెబితే తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. మీకెలా తెలిసింది అని అడుగుతుంది. గంట కిందటే కదా హాల్లో నేను కిటికీ కథ చెప్పింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి మోకాలి మీదికి పోయింది. వంట అయ్యాక సిలిండర్ల మీటలు బిగించండి, కిటికీలు తెరిచి ఉంచండి అని వంటమ్మకి రెండు జాగ్రత్తలు చెప్పి, పని ఉందంటూ బయటపడ్డాను. ముక్కు పట్టేసిన మనిషిని, చెవుడు పట్టిన అలారాన్ని ఒక గదిలో వదిలేసి నేను నడుచుకుంటూ వచ్చేశాను. లిఫ్టులు తనిఖీ చేసేదాన్ని.

బాబాయి దుకాణంలో ఎవరికో పూలకుండీకి కొత్త రంగు వేస్తున్నాడు. నేను కూర్చోలేదు.

“బడి వంటగదిలో ఉన్నదానికి సెన్సరు తీగ తెంపేశావా బాబాయ్?”

ఆయన కుంచె పక్కన పెట్టాడు. “ఎవరికైనా చెప్పావా?”

“లేదు.”

“రేపు వెళ్ళి అతికించేస్తాను.”

మూడు వారాలుగా ఆ రేపు నడుస్తోంది. ఆయనే చెప్పాడు. మూడు సార్లు పనిముట్ల పెట్టె పట్టుకుని బడికి వెళ్ళాడట. ఎందుకొచ్చారని అడిగితే, బాగుచెయ్యాల్సినవి ఏమైనా ఉన్నాయా అన్నాడట. మొదటిసారి బడిగంట స్విచ్చి బాగుచేసి వచ్చాడు. రెండోసారి మంచినీళ్ళ మోటారు. మూడోసారి స్టాఫు గదిలో ఫ్యాను. పిచ్చుక వాళ్ళ నాన్న ఎంత మంచివాడో అని టీచర్లందరూ అనుకుంటున్నారు. వంటగదిలోకి మాత్రం అడుగు పడలేదు. అక్కడ వంటమ్మ ఎప్పుడూ ఉంటుంది, గోడమీంచి దాన్ని దించితే ఎందుకని అడుగుతుంది, పిచ్చుకకు చెబుతుంది. తేలు కుట్టిన దొంగలా ఇన్నాళ్ళూ అరవలేక తిరుగుతున్నాడు. ప్రదర్శన నాటి సంగతంతా అప్పుడే నాకు చెప్పాడు, తల ఎత్తకుండా.

“ఎందుకు చేశావు బాబాయ్? మోగిందని పిన్ని చెప్పింది కదా.”

“ఇంట్లో మోగింది. ఇంట్లో నాదీ పనిచేసింది” అన్నాడు. “పదిమంది ముందు అది ఆ మాట అనాల్సొస్తుందేమోనని భయమేసింది తల్లీ.”

నాకు జాలేసింది, కోపమూ వచ్చింది. ఏది ముందు చూపించాలో తెలియలేదు. వంటమ్మకి వారంగా ముక్కు పనిచేయడం లేదని మాత్రం చెప్పాను. ఆయన ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. లేచి పనిముట్ల పెట్టె తీశాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, నువ్వు కూడా రా, ఒక్కడికీ కాళ్ళు రావడం లేదన్నాడు. నాకూ రావడం లేదని నేను చెప్పలేదు. ఆయన స్కూటరు వెనక కూర్చున్నాను.

బడి వదలడానికి ఇంకా గంట ఉంది. వంటగది ముందు సైన్సు టీచరు ఎదురొచ్చి, ఈసారి ఏం బాగుచెయ్యడానికి వచ్చారండీ అని నవ్వుతూ అడిగింది. బాబాయి పెట్టె కింద పెట్టి చెప్పేశాడు. ఆ అలారం మోగదండీ, నేనే దాన్ని పాడుచేశానండీ అని మొదలుపెట్టి మొత్తం చెప్పాడు. చుట్టం అన్న పేరు చెప్పలేదు, మీట అన్నాడు. టీచరు ముఖంలో నవ్వు ఎక్కడ ఆగిపోయిందో నేను చూశాను. వంటమ్మ పొయ్యిలు ఆర్పేసి, సిలిండర్లు కట్టేసి, అలారానికి దూరంగా జరిగి గోడకానుకుని నిలబడింది. దాన్ని నమ్ముకునే కదా పిల్లలకు వండుతున్నాను అంది, ఎవరినీ ఉద్దేశించకుండా. తిట్టి ఉంటే బాగుండేది.

టీచరు నావైపు తిరిగింది. “మీరెలా కనిపెట్టారు మేడం? ఇందాక మీట నొక్కింది మీరేగా?”

అప్పటికే పిచ్చుకను ఎవరో తరగతిలోంచి పిలుచుకొచ్చారు. గుమ్మంలో నిలబడి ఉంది. ఎంత విన్నదో తెలియదు. ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది, ఇంజనీర్ని కదా, చూడగానే తెలిసిందని. ఆ మాట అందరూ నమ్మేవారు కూడా.

“నా ప్రాజెక్టులోనూ ఉండేది” అన్నాను. “బల్ల కింద, మోకాలి దగ్గర. ఆ కిటికీ నేను చెయ్యలేదు.”

తల కొట్టేసినట్టయింది. పిచ్చుక నావైపు చూసింది, ఇందాక చప్పట్లు కొట్టిన చేతులు పక్కన వేలాడుతున్నాయి. ఏమీ అనలేదు. అదే మొదటిసారి అనుకుంటాను అది ఏమీ అనకపోవడం. తర్వాత వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళింది.

“తీగ తెంపేముందు ఒక్కసారైనా పెట్టి చూశావా నాన్నా? మోగుతుందో లేదో?”

“లేదమ్మా” అన్నాడు.

ఇరవై ఏళ్ళుగా వందల వస్తువుల తీగలు తెంపిన మనిషి. అలవాటులో చెయ్యి తెంపేసింది. ఒక్క నిమిషం ఇచ్చి చూడాలని తోచలేదు. తనకు ఆ నిమిషం ఇవ్వలేదని ఇరవై ఏళ్ళు కుమిలిన మనిషికే తోచలేదు. ఆ సంగతి ఆయనకు అక్కడ నిలబడ్డప్పుడే తెలిసొచ్చింది. ఆయన ముఖం చూడలేక నేను తల తిప్పుకున్నాను.

పిచ్చుక పెట్టె తెరిచి సోల్డరింగ్ ఐరన్ తీసింది. వాళ్ళ నాన్న చెయ్యి చాపాడు. నువ్వు వద్దు అంది. తనే బోర్డు దించింది, మీటను కత్తిరించి పారేసింది, నల్ల టేపు ఊడదీసి తీగ అతికించింది. రెండుసార్లు అతుకు కుదరలేదు. మూడోసారికి కుదిరింది. మళ్ళీ గోడకి తగిలించి స్విచ్చి వేసింది. ఆ సెన్సరు వేడెక్కడానికి పది నిమిషాలు పడుతుంది. అందరం నిలబడ్డాం.

ఆ పది నిమిషాల్లో నాకొచ్చిన ఆలోచన ఇక్కడ రాయకపోతే ఇదంతా రాసి ప్రయోజనం లేదు. అది మోగకపోతే బాగుండునని అనుకున్నాను. మోగకపోతే బాబాయి చేసినదానికి ఒక సాకు ఉంటుంది. పిల్లను అవమానం నుంచి కాపాడాడనుకోవచ్చు. నా మోకాలికీ అందులో కాస్త చోటు దొరుకుతుంది. మూడు నెలలు వేళ్ళు కాల్చుకున్న పిల్ల ఓడిపోవాలని, దాని అక్కని, నేను కోరుకున్నాను.

వేడి చేసి తీగల తొడుగులు ముడిచే లైటరు ఒకటి బాబాయి పెట్టెలో ఉంటుంది. ఆయన అది తీసి ఇవ్వబోయాడు. టీచరు అందుకుంది, ఆయన చేతికి తన చెయ్యి తగలకుండా. కిటికీలన్నీ తెరిపించి, మంట వెలిగించకుండా లైటరును సెన్సరు దగ్గర పట్టుకుంది.

ఒకటి, రెండు, మూడు క్షణాలు గడిచాయి.

మోగింది.

ఎవరూ సంతోషపడలేదు. టీచరు చటుక్కున వంగి బోర్డు కింద చూసింది. తర్వాత నా చేతులు చూసింది. నేను గోడకు దూరంగా జరిగాను. వంటమ్మ మాత్రం మనసులో ఉన్నది పైకే అనేసింది.

“ఇప్పుడెవరు నొక్కారు?”

పిచ్చుక ముఖం ఎర్రగా కందిపోయింది. పెదవి కొరుక్కుని, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే ఆపుకుంటూ నిలబడింది. అది చేసింది నిజంగా మోగుతోంది, గదిలో ఒక్కరూ నమ్మడం లేదు.

బాబాయి గది మధ్యకు వచ్చాడు. అందరికీ కనపడేలా రెండు చేతులూ తలపైకి ఎత్తి నిలబడ్డాడు. పట్టుబడ్డ దొంగలా.

“మళ్ళీ పెట్టి చూడండి టీచర్” అంది పిచ్చుక.

టీచరు మళ్ళీ లైటరు దగ్గర పెట్టింది. మళ్ళీ మోగింది. మోత పూర్తిగా ఆగేదాకా బాబాయి చేతులు దించలేదు.